మొలలే కదా అని ఊరుకోవద్దు: పెద్దపేగు క్యాన్సర్, కొలనోస్కోపీ పరీక్ష గురించి రైతు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

వినుకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఎప్పుడూ జీవామృతం, మిరపలో తామరపురుగు, నవధాన్యాల విత్తనాల గురించి చెప్పేవాణ్ని. ఈసారి వీడియోలో కొలనోస్కోపీ గురించి మాట్లాడాను. "ఇదేంటి అన్నా, దారి తప్పావా?" అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. దారి తప్పలేదు. వీడియోలో పదిహేను నిమిషాల్లో చెప్పలేకపోయినవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

అసలు ఎందుకు చెప్తున్నానంటే, మా బాబాయి ఈ జబ్బుతోనే పోయాడు. 46 ఏళ్లప్పుడు దొడ్డికి వెళ్తే రక్తం పడటం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. పిన్నికి తెలిసేసరికే మూడు నెలలైంది. "మిరపకాయ తిండి, ఎండలో పని, వేడి చేసింది, మొలలే" అన్నారు అందరూ. ఒకచోట లేపనం ఇచ్చారు, ఇంకోచోట పొడి ఇచ్చారు, మరోచోట దారం కట్టారు. నీరసం వస్తే సెలైన్ పెట్టించుకున్నాడు. అలా ఏడాది గడిచింది. చివరికి కొలనోస్కోపీ చేసేనాటికి 47 ఏళ్లు. అప్పటికే కాలేయానికి పాకింది. ఆ ఏడాది కాలంలో ఒక్కరంటే ఒక్కరు కూడా వేలితో పరీక్ష చేసి చూడలేదు. గడ్డ మలద్వారానికి దగ్గర్లోనే ఉంది.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్ పాశ్చాత్య దేశాలతో పోలిస్తే తక్కువే. కానీ మనవాళ్లలో మలాశయం దగ్గర వచ్చేవి ఎక్కువ, చిన్న వయసులో వచ్చేవి ఎక్కువ, ముదిరాక బయటపడేవి ఎక్కువ. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి దాదాపు 19 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వస్తోంది, 9 లక్షల మంది దాకా చనిపోతున్నారు. మన దేశంలో కొత్త కేసులు ఏడాదికి సుమారు 70 వేలు.

పెద్దపేగులో అసలేం జరుగుతుంది?

పెద్దపేగు దాదాపు అయిదడుగుల పొడవుంటుంది. మనం తిన్నదాంట్లో మిగిలిన నీటిని పీల్చుకుని, మలాన్ని గట్టిపరిచి బయటికి పంపటం దాని పని. దాని లోపలి పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది. అలా కొత్త కణాలు పుట్టేటప్పుడు ఎక్కడో ఒకచోట లెక్క తప్పి, చిన్న బుడిపెలా పెరుగుతుంది. దాన్నే పాలిప్ అంటారు. కొన్ని పుట్టగొడుగులా కాడతో ఉంటాయి, కొన్ని గోడకి అతుక్కుని చదునుగా ఉంటాయి.

అన్ని పాలిప్స్ క్యాన్సర్ అవ్వవు. చాలావరకు ఏమీ కావు. కానీ పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం మాత్రం ఇలాంటి పాలిప్ నుంచే మొదలవుతాయి. బుడిపె నుంచి క్యాన్సర్ అవ్వటానికి సాధారణంగా పదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. నొప్పి ఉండదు, తెలియదు.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కలుపు మొక్క రెండాకుల మీద ఉన్నప్పుడు వేలితో పీకేస్తాం. పూతకొచ్చి గింజ రాల్చాక ఎన్ని మందలు కూలీలను పెట్టినా ఆ చేను బాగుపడటం కష్టం. ఈ పదేళ్ల సమయమే మనకు దొరికే అవకాశం. చాలా క్యాన్సర్లకు ముందుగా కనిపెట్టటం ఒక్కటే ఉంటుంది. దీనికి అసలు రాకముందే తీసేసే వీలుంది.

చిరంజీవి గారి విషయం గుర్తుందా?

2023 జూన్ 3న హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ సెంటర్ ప్రారంభోత్సవంలో చిరంజీవి గారు మాట్లాడుతూ, తాను ముందు జాగ్రత్తగా కొలనోస్కోపీ చేయించుకున్నానని, అందులో క్యాన్సర్ కాని పాలిప్స్ కనిపిస్తే తీసేశారని చెప్పారు. చేయించుకోకపోయి ఉంటే అవి క్యాన్సర్‌గా మారేవేమో అన్నారు. గంట తిరక్కముందే "చిరంజీవికి క్యాన్సర్" అని వార్తలు వచ్చాయి. అభిమానులు కంగారుపడ్డారు. అదే రోజు ఆయన, తనకు క్యాన్సర్ రాలేదు, తాను చెప్పింది పాలిప్స్ గురించి అని మళ్లీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ గొడవలో అసలు మాట పోయింది. ఆయన చేసింది సరిగ్గా మనం చెయ్యాల్సిన పని. ఒంట్లో ఏ బాధా లేనప్పుడే పరీక్ష చేయించుకోవటం, బుడిపె ఉంటే అక్కడికక్కడే తీయించుకోవటం. దీన్నే స్క్రీనింగ్ అంటారు. కొలనోస్కోప్ గొట్టంలోంచే వైరు ఉచ్చు పంపి పాలిప్‌ని కోసి తీసే పద్ధతిని 1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ అనే డాక్టర్లు మొదలుపెట్టారు. అంతకుముందు పైనున్న పాలిప్ తీయాలంటే పొట్ట కోయాల్సి వచ్చేది.

"మందులేని తిండి తింటున్నాం, మనకెందుకొస్తుంది?"

కామెంట్లలో ఎక్కువమంది అడిగింది ఇదే. నిజాయితీగా చెప్తాను.

పీచు ఎక్కువగా ఉండే తిండి, ముడిధాన్యాలు, కూరగాయలు, ఒంటికి పని, బరువు అదుపులో ఉండటం, ఇవన్నీ ఈ క్యాన్సర్ ముప్పుని తగ్గిస్తాయి. పొగ, మందు, ఊబకాయం, నిల్వచేసిన మాంసాలు పెంచుతాయి. ప్రాసెస్ చేసిన మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. కాబట్టి మన కొర్రన్నం, కందిపప్పు, ఆకుకూర మంచిదే.

కానీ ముప్పు తగ్గటం వేరు, లేకపోవటం వేరు. వయసు ఒక కారణం. రక్తసంబంధం ఒక కారణం. కొన్ని కుటుంబాల్లో లించ్ సిండ్రోమ్ లాంటి జన్యులోపాలు తండ్రి నుంచో తల్లి నుంచో పిల్లలకు వస్తాయి. వాటిని ఏ తిండీ తీసెయ్యలేదు. మా బాబాయి మందు ముట్టడు, చుట్ట తాగడు, పొద్దున లేస్తే చేలోనే ఉండేవాడు. బుడిపె పుట్టాక దాన్ని కరిగించే కషాయం లేదు. ఎవరైనా ఉందని చెప్తే నమ్మి టైం పోగొట్టుకోవద్దు. పొలంలో నేను పురుగుమందు వాడను గానీ, ఈ విషయంలో మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లాను.

ఏ లక్షణాలుంటే ఆలస్యం చెయ్యకూడదు?

1. మలంలో రక్తం. ఎర్రగా అయినా, నల్లగా తారులా అయినా.
2. విరేచనం తీరు మారటం. మూడు నాలుగు వారాలకు మించి మలబద్ధకం, లేదా పల్చగా అవ్వటం, లేదా రెండూ మారి మారి రావటం.
3. వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టే అనిపించటం, మలం సన్నగా రావటం.
4. కారణం లేకుండా బరువు తగ్గటం, పొట్టలో తరచూ నొప్పి.
5. రక్తహీనత. ముఖ్యంగా మగవాళ్లలో, ముట్లు ఆగిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గి రక్తం తక్కువైతే అది ఎక్కడ పోతోందో వెతకాల్సిందే. ఊరికే బలం మందులు, సెలైన్ బాటిళ్లతో సరిపెట్టొద్దు.

మొలలకీ రక్తం పడుతుంది, అది నిజం. రక్తం పడ్డ ప్రతివాళ్లకీ క్యాన్సర్ కాదు, చాలామందికి మొలలో చీలికో ఉంటాయి. కానీ మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని లేదుగా! చూడకుండా మొలలని తేల్చటమే తప్పు. డాక్టర్ దగ్గర కనీసం వేలితో పరీక్ష చెయ్యమని మీరే అడగండి. ఒక్క నిమిషం పని. మలాశయం కింది భాగంలో ఉన్న గడ్డలు చాలావరకు దాంతోనే తెలిసిపోతాయి. ఆడవాళ్లు సిగ్గుతో దాచుకుంటారు. లేడీ డాక్టర్ కావాలని అడగటంలో తప్పు లేదు, పక్కన నర్సు ఉండాలని అడగొచ్చు.

బాధ ఏమీ లేకపోతే ఎప్పుడు చేయించుకోవాలి?

అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లు దాటిన అందరినీ చేయించుకోమంటున్నారు. జపాన్‌లో 40 దాటితే ఏటా మలపరీక్ష. ఇంగ్లండ్‌లో రెండేళ్లకోసారి కిట్ ఇంటికే పోస్టులో వస్తుంది. మన దగ్గర ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవాళ్లకు చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడే ఉన్నాయి. పెద్దపేగు లేదు. అంటే ఆశా వర్కర్ ఇంటికొచ్చి రాసుకెళ్లింది కదా, అంతా చూసేశారు అనుకోవద్దు. దీని గురించి మనమే అడగాలి.

రెండు దారులున్నాయి.

మొదటిది ఫిట్ అనే మలపరీక్ష. కొద్దిగా మలం డబ్బాలో ఇస్తే, కంటికి కనిపించని రక్తం ఉందేమో ల్యాబ్‌లో చూస్తారు. పథ్యం అక్కర్లేదు. ఏటా చెయ్యాలి. ఒకసారి బాగుందని వదిలెయ్యకూడదు. రక్తం ఉందని వస్తే కొలనోస్కోపీ తప్పనిసరి. అక్కడ ఆగిపోతే ఆ పరీక్ష చేసి లాభం లేదు. ఏటా మలంలో రక్తం పరీక్ష చేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని అమెరికాలోని మిన్నెసోటా అధ్యయనం 1993లోనే చూపించింది. అప్పుడు వాడింది పాత రకం పరీక్ష. ఇప్పటి ఫిట్ దానికంటే మెరుగైంది.

రెండోది నేరుగా కొలనోస్కోపీ. అంతా బాగుంటే మామూలు ముప్పు ఉన్నవాళ్లకు మళ్లీ పదేళ్ల దాకా అక్కర్లేదు.

కంటికి రక్తం కనిపిస్తున్నవాళ్లకు మాత్రం ఈ రెండు దారుల లెక్క వర్తించదు. వాళ్లు నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఇంట్లో అమ్మకో నాన్నకో తోబుట్టువులకో వచ్చి ఉంటే లెక్క వేరు. 40 ఏళ్లకు గానీ, లేదా వాళ్లకు బయటపడ్డ వయసు కంటే పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. మా బాబాయికి 47లో బయటపడింది. అంటే వాళ్లబ్బాయి 37కే చేయించుకోవాలి. వాడికిప్పుడు 36.

నేను చేయించుకున్నప్పుడు: ముందు రెండు రోజులు

నాకు 51. 45కే వెళ్లాల్సింది, ఆరేళ్లు ఆలస్యం చేశాను. పరీక్ష కష్టం కాదు. ముందు రోజు పేగు శుభ్రం చేసుకోవటమే అసలు పని. పేగులో మలం మిగిలితే చిన్న బుడిపెలు దాని వెనక దాక్కుంటాయి, డబ్బు పోయి పరీక్ష వృథా అవుతుంది.

ఇక్కడ మన తిండి తిరగబడుతుంది! రెండు రోజుల ముందు నుంచీ పీచు, గింజలు మానెయ్యమంటారు. కొర్రలు, సామలు, గోంగూర, ఆకుకూరలు, వంకాయ, టమాటా, జామకాయ, పల్లీలు, నువ్వులు వద్దు. ఆవాలు, కరివేపాకు, పండుమిరప పచ్చట్లోని గింజలు కూడా వద్దు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, తొక్కతీసి ఉడికించిన బంగాళదుంప, గుడ్డు తినొచ్చు. మా ఇంట్లో రెండేళ్ల తర్వాత తెల్లన్నం వండింది అప్పుడే.

ముందు రోజు పల్చటి ద్రవాలే. కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ. పాలు, మజ్జిగ లెక్కలోకి రావు. ఎర్ర రంగు పానీయాలు తాగితే లోపల రక్తంలా కనిపిస్తుంది, అవీ వద్దు. సాయంత్రం నుంచి వాళ్లిచ్చిన పొడి నీళ్లలో కలుపుకుని పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. ఉప్పుగా ఉంటుంది, చల్లగా చేసుకుంటే దిగుతుంది. చివరికి నీళ్లలా, లేత పసుపు రంగులో రావాలి. అప్పుడు శుభ్రమైనట్టు. సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగితే పేగు బాగా శుభ్రమవుతుంది.

మన వినుకొండ నుంచి వెళ్లేవాళ్లకు చిక్కు ఇక్కడే. ఆ రెండో సగం తాగి బస్సెక్కితే నరసరావుపేట దాకా కూడా ఆగలేరు. అందుకని మధ్యాహ్నం టైం ఇవ్వమని అడగండి, లేదా ముందు రోజే గుంటూరు వెళ్లి చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండండి. నేను మా మేనత్త వాళ్లింట్లో ఉన్నాను.

డాక్టర్‌కి తప్పకుండా చెప్పాల్సినవి: గుండెకు స్టెంట్ వేసి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతుంటే, కిడ్నీ సమస్య ఉంటే. వీటిని సొంతంగా ఆపొద్దు, సొంతంగా వేసుకోవద్దు. తిండి లేని రోజు షుగర్ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. ఐరన్ మాత్రలు మాత్రం వారం ముందే ఆపమంటారు, అవి పేగు గోడల్ని నల్లగా చేస్తాయి.

పరీక్ష రోజు

వెనక చీలిక ఉన్న గౌను ఇస్తారు. ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడిచి పడుకోవాలి. చేతికి సూది పెట్టి మత్తు ఇచ్చారు. నాకు తెలివొచ్చేసరికి అయిపోయింది. చిటికెన వేలంత లావు గొట్టం, చివర కెమెరా, లైటు. పెద్దపేగు మొదలు దాకా, అంటే సీకం దాకా పోనిచ్చి, వెనక్కి తీసుకుంటూ నెమ్మదిగా చూస్తారు. మామూలుగా అరగంట, అటూ ఇటూ. నాకు ఒక చిన్న పాలిప్ కనిపిస్తే తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే మారే అవకాశమున్న రకం అని రిపోర్ట్ వచ్చింది. ఆ కాగితం చదివినప్పుడు బాబాయే గుర్తొచ్చాడు.

మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఒకరు ఉండాలి. పొట్టలో గ్యాస్‌తో కొంచెం ఉబ్బరం ఉండి తగ్గుతుంది.

రిపోర్ట్ తీసుకునేటప్పుడు ఈ నాలుగు అడగండి:
- సీకం దాకా చూశారా?
- పేగు శుభ్రంగా ఉందా, సరిగ్గా కనిపించిందా?
- పాలిప్స్ ఎన్ని, ఎంత సైజు, పూర్తిగా తీశారా?
- మళ్లీ ఎప్పుడు రావాలి?

మంచి డాక్టర్లు పాలిప్ లేకపోయినా గొట్టం వెనక్కి తీసేటప్పుడు కనీసం ఆరు నిమిషాలు చూస్తారు. తొందరగా లాగేస్తే కొన్ని తప్పిపోతాయి.

ప్రమాదాలు లేవా?

ఉన్నాయి, తక్కువ. పేగుకు చిల్లు పడటం సుమారు వెయ్యి మందిలో ఒకరికి, లేదా అంతకంటే తక్కువ. పాలిప్ తీసిన చోట రక్తస్రావం నూటికి ఒకరి కంటే తక్కువ మందికి. ఇంటికొచ్చాక తీవ్రమైన పొట్టనొప్పి, జ్వరం, ఆగకుండా రక్తం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

లాభం కూడా ఎక్కువ చేసి చెప్పను. యూరప్‌లో జరిగిన నార్డిక్ అధ్యయనం 2022లో వచ్చింది. కొలనోస్కోపీకి రమ్మని పిలిచిన గుంపులో పదేళ్లలో క్యాన్సర్లు 18 శాతం తగ్గాయి. "ఇంతేనా?" అన్నారు చాలామంది. కానీ పిలిచినవాళ్లలో వచ్చింది 42 శాతమే. రానివాళ్లను కూడా కలిపి లెక్కేస్తే 18 వచ్చింది. పిలిస్తే చాలదు, వెళ్లాలి. అంతే తేడా.

ముందుగా దొరికితే ఏమవుతుంది? అమెరికా లెక్కల్లో పేగు దాటకముందే దొరికినవాళ్లలో నూటికి 90 మంది దాకా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. దూరంగా వేరే అవయవాలకు పాకాక ఆ సంఖ్య 15 దగ్గరికి పడిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

మన జిల్లా వాళ్లకు దగ్గర గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్. గుంటూరు జీజీహెచ్ ఆవరణలోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. అడగాల్సింది గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం. ప్రైవేటులో అయితే పరీక్ష, మత్తు, పాలిప్ తీయటం, బయాప్సీ, ఈ నాలుగింటికీ విడివిడిగా ఎంతో ముందే అడిగి రాయించుకోండి. క్యాన్సర్ అని తేలితే చికిత్సకు ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, వర్తిస్తుంది. పరీక్షకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

చివరిగా ఒక మాట. మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. "మిరప కోతలు అయ్యాక చూద్దాంలే అన్నా" అన్నాడు. వాళ్ల నాన్న కూడా సరిగ్గా అదే మాట అన్నాడు, అప్పుడు కల్లంలో కాయలున్నాయి. ఈసారి నేనే డేట్ తీసుకున్నాను. కోతలకు నేను నిలబడతాను, వాణ్ని గుంటూరు పంపిస్తాను.

మీ ఇంట్లో కూడా అలాంటివాళ్లు ఉంటారు. ఈ వీడియో వాళ్లకు పంపటం కంటే, వాళ్ల పక్కన కూర్చుని "రక్తం ఏమైనా పడుతోందా?" అని ఒక్కసారి అడగండి. అడిగితేనే చెప్తారు. ప్రశ్నలుంటే కింద రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను, మిగతాది మీ డాక్టర్‌ని అడగండి. వచ్చే వారం మళ్లీ మన మిరప చేలో కలుద్దాం. సెలవు.